లఘుచిత్రాల పోటీ విభాగం: వార్షిక నివేదిక 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి సంబరాల్లో భాగంగా మన సంఘం జరిపే 48 గంటల లఘుచిత్రాల పోటీ మీద నివేదిక ఇది. జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు విడిగా పంచుతున్నారు. బహుమతుల జాబితా నోటీసు బోర్డులో ఉంది. వాటి జోలికి ఇక్కడ పోవడం లేదు. వచ్చిన సినిమాలన్నిటినీ కమిటీ కూర్చుని రెండోసారి చూసింది. ఏది ఎక్కడ పాడైంది, ఎందుకు పాడైంది అన్నదే రాస్తున్నాం. కెమెరా వల్ల చెడిన సినిమా ఒక్కటీ కనపడలేదు. కొన్ని శబ్దం దగ్గర చెడ్డాయి, మిగతావి ఆదివారం సాయంత్రం నాలుగు దాటాక చెడ్డాయి.

కొత్త సభ్యుల కోసం పద్ధతి క్లుప్తంగా. భోగికి ముందు వారం శుక్రవారం సాయంత్రం 7 గంటలకు ప్రతి జట్టూ ఒక చీటీ తీస్తుంది. అది ఆ జట్టు తీయాల్సిన కథారీతి: హాస్యం, భయం, కుటుంబం, నేరపరిశోధన, ఇలా. ఒక పాత్ర, ఒక వస్తువు, ఒక డైలాగు మాత్రం అందరికీ ఒకటే. ఆదివారం సాయంత్రం 7 గంటలకల్లా సినిమా చేతికి రావాలి. ఈ పద్ధతి 2001లో అమెరికాలోని వాషింగ్టన్‌లో మొదలైన 48 అవర్ ఫిల్మ్ ప్రాజెక్ట్ నుంచి వచ్చింది. మన దేశంలో 2011లో మొదలైన ఇండియా ఫిల్మ్ ప్రాజెక్ట్ 50 గంటలు ఇస్తుంది. మన పోటీకి ఆ రెంటితోనూ ఏ సంబంధమూ లేదు, పద్ధతి ఒక్కటే అరువు. ఆంధ్రలో తొలి సినిమా స్టూడియోగా చెప్పుకునే దుర్గా సినీటోన్ 1936లో వెలిసింది మన రాజమండ్రిలోనే కాబట్టి మరీ అరువు బతుకు అనుకోనక్కర్లేదు.

వస్తువూ డైలాగూ ఎందుకు ఇస్తారంటే, నెల ముందే తీసిపెట్టుకున్న సినిమా తెచ్చి ఇవ్వకుండా. ఈసారి వస్తువు ఇత్తడి చెంబు. డైలాగు: "ముందు అన్నం తిను, తర్వాత మాట్లాడదాం." చెంబును బల్లమీద ఓ మూల పెట్టి ఊరుకున్న జట్లు నియమం పాటించాయి, అంతే. చెంబు పోయిందనో, తాకట్టులో ఉందనో, దాంట్లో ఏదో దాచారనో కథ అల్లుకున్న జట్లకు స్క్రిప్టు తొందరగా తెమిలింది. డైలాగును ఆఖరి మాటగా దాచుకున్న సినిమాలన్నీ తేలిపోయాయి. ఆ మాట వస్తుందని జనానికి ముందే తెలుసు, దాని కోసమే కాచుకుని కూర్చున్నారు. కథ మధ్యలో, ఎవరో కంచం ముందుకు జరుపుతూ మామూలుగా అనేసిన చోట మాత్రం బాగా పండింది.

గంటల లెక్క

48 గంటలంటే చాలా ఉన్నట్టే ఉంటుంది. జనవరి మొదటి వారాల్లో మన ఊళ్లో పొద్దు పొడిచేది 6:30 దాటాక, గుంకేది 5:40 ప్రాంతంలో. అంటే రోజుకు 11 గంటల వెలుతురు. ఆదివారం ఎడిటింగుకే సరిపోతుంది కాబట్టి షూటింగు రోజు నిజానికి శనివారం ఒక్కటే.

ఆ 11 గంటలు 660 నిమిషాలు. టిఫినుకూ భోజనానికీ కలిపి 75 నిమిషాలు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి సామాను సర్దుకుని వెళ్లడానికి 45 నిమిషాలు తీసేస్తే మిగిలేది 540. కొత్తవాళ్లతో ఒక షాటుకు కెమెరా పెట్టడం, ఒకసారి రిహార్సల్, మూడు టేకులు కలిపి 25 నిమిషాలకు తక్కువ పట్టదు. మొత్తం 21 షాట్లు వస్తాయి. శుక్రవారం రాత్రి 40 షాట్ల జాబితా రాసుకున్న జట్టు శనివారం మధ్యాహ్నం సగం కొట్టేయాల్సిందే. కొట్టేసేది ఎప్పుడూ క్లైమాక్సే, ఎందుకంటే అది జాబితాలో అడుగున ఉంటుంది. అందుకే క్లైమాక్సును ముందు తీయండి. ఎవరో గేటు తీసుకుని లోపలికి రావడం లాంటి షాట్లు ఆదివారం ఉదయం కూడా తీసుకోవచ్చు.

రెండో చోటు దాటితే సినిమా కష్టం. మూడో చోటంటే ఇంకో 45 నిమిషాలు, అంటే రెండు షాట్లు పోయినట్టే. స్క్రిప్టు పేజీకి నిమిషం చొప్పున నాలుగు పేజీలు చాలు. ఇప్పటి నియమం ప్రకారం సినిమా 4 నుంచి 7 నిమిషాలు ఉండొచ్చు. 7 నిమిషాల వరకూ సాగదీసిన సినిమాల్లో రెండు నిమిషాలు మోటార్ సైకిల్ మీద వెళ్లడమే.

కమిటీ సూచించే వరస ఇది. శుక్రవారం రాత్రి 11కి స్క్రిప్టు ముగించి పడుకోవాలి, తెల్లవార్లూ రాస్తే శనివారం మూడింటికల్లా దర్శకుడి బుర్ర పనిచేయదు. శనివారం మధ్యాహ్నం భోజనాల వేళే ఉదయం తీసిందంతా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఎడిటరు అప్పుడే కూర్చోవాలి. రాత్రి 10కి ముతక కూర్పు, అంటే షాట్లన్నీ వరసలో పేర్చిన మొదటి రూపం. ఆదివారం ఉదయం 7 నుంచి 9 దాకా మిగిలిపోయిన షాట్లు. 12 గంటలకు బొమ్మ ఖాయం, ఆ తర్వాత ఒక్క ఫ్రేము కూడా కదపకూడదు. 3 దాకా శబ్దం. 4కి ఎక్స్‌పోర్టు, అంటే సినిమా అంతా ఒకే ఫైలుగా తీయడం. 5కి మొదటి నుంచి చివరిదాకా, టైటిళ్లతో సహా ఒకసారి చూడటం. 6కి ప్రదర్శన జరిగే మైదానం గేటు దగ్గర.

ఎడిటరుకు అన్నం ఎవరు తెస్తారో కూడా శుక్రవారమే తేల్చుకోండి. ఇది హాస్యానికి రాస్తున్నది కాదు.

గోదావరి గట్టు వెలుతురు

సగానికి పైగా జట్లు పుష్కర ఘాట్‌కో కోటిలింగాల ఘాట్‌కో వెళ్లాయి. వెళ్లాల్సిందే, కానీ ఊరు నదికి తూర్పు గట్టున ఉందన్న సంగతి గుర్తుంచుకుని వెళ్లాలి. పొద్దున సూర్యుడు ఊరి వెనకనుంచి వస్తాడు, కాబట్టి మెట్లమీద చాలాసేపు మేడల నీడే ఉంటుంది. దానికి తోడు జనవరి మంచు. ఏడున్నరకు తీసిన షాట్‌లో అవతలి గట్టు కనపడదు, తొమ్మిదిన్నరకు తీసిన షాట్‌లో కొవ్వూరు స్పష్టంగా ఉంటుంది. రెంటినీ ఒకే సంభాషణలో అతికితే పాత్రలు రెండు వేర్వేరు రోజుల్లో మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది.

సాయంత్రం దీనికి సరిగ్గా తలకిందులు. సూర్యుడు నైరుతి వైపు నీళ్లమీదికి దిగుతాడు. నదిని వెనక పెట్టి మనిషిని తీస్తే ముఖం నల్లగా మాడిపోతుంది. మనిషిని నదివైపు తిప్పి, కెమెరా నీటి వైపు ఉండి ఊరిని చూస్తే ఆఖరి 40 నిమిషాలు ముఖం మీద బంగారం పూసినట్టుంటుంది, రిఫ్లెక్టర్ కూడా అక్కర్లేదు. నది కనపడాలి, ముఖమూ కనపడాలి అనుకుంటే మనిషిని పక్కకు తిప్పి, రెండోవైపున తెల్ల థర్మాకోల్ షీటు మీటరు దూరంలో పట్టుకోండి. అస్తమయం తర్వాత తీసుకోదగ్గ వెలుతురు 20 నిమిషాలే ఉంటుంది. అది ఒకటి రెండు షాట్లకే సరి.

ఫోనుతో తీసేవాళ్లు స్క్రీన్ మీద ముఖాన్ని వేలితో నొక్కిపట్టి ఎక్స్‌పోజరుకు, అంటే బొమ్మ వెలుగుకు, తాళం వేయాలి. వేయకపోతే తెల్లచొక్కా మనిషి వెనకనుంచి నడిచినప్పుడల్లా బొమ్మ చీకటై మళ్లీ వెలుగుతుంది. రాత్రి సీరియల్ బల్బుల కింద తీసిన కొన్ని సినిమాల్లో అడ్డంగా చారలు పాకాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టరు వేగం సెకనులో 1/50 వంతు గానీ 1/100 వంతు గానీ పెడితే చారలు పోతాయి. ఆటో మోడ్‌లో వదిలేస్తే ఫోను 1/60 లాంటి వేగానికి పోవచ్చు.

డ్రోన్ షాట్ల మీద కమిటీకి ఒకే మాట ఉంది: పది సెకన్ల గోదావరి కోసం అంత తలనొప్పి వద్దు. 250 గ్రాముల లోపు డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేకపోయినా, 2021 డ్రోన్ నియమాల ప్రకారం ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు డిజిటల్ స్కైలోని పటంలో ఆ చోటు ఏ రంగులో ఉందో చూసుకోవాలి. మధురపూడిలో విమానాశ్రయం ఉంది. అలాగే ప్లాట్‌ఫారం టికెట్టు కొన్నంత మాత్రాన స్టేషన్లో షూటింగు చేయకూడదు, రైల్వే అనుమతి వేరే తీసుకోవాలి. ఒక్క శనివారంలో అది వచ్చే పని కాదు కాబట్టి స్టేషను కథలు రాయకండి.

శబ్దం

ధనుర్మాసం. తెల్లవారుజామునే గుడి మైకుల్లో తిరుప్పావై, తర్వాత భక్తి పాటలు. మంచు బాగుందని పొద్దున్నే తీసిన ప్రతి సినిమాలోనూ అవి ఉన్నాయి. వినడానికి ఇంపుగా ఉన్నా, ఎడిటింగులో షాటు మారినప్పుడల్లా పాట తెగి ఇంకో చరణంలోంచి అందుకుంటుంది. పైగా ఆ రికార్డు ఎవరిదో, వాళ్ల హక్కు ఉంటుంది. యూట్యూబ్‌లో పెట్టిన రోజే పట్టుకుంటుంది. కాబట్టి పొద్దున మాటల్లేని షాట్లు తీసుకోండి, మైకు ఆగాక డైలాగులు.

నది దగ్గర రైళ్ల గొడవ. హేవ్‌లాక్ వంతెన మీద 1997 నుంచి రైళ్లు తిరగడం లేదు కదా, అక్కడ నిశ్శబ్దంగా ఉంటుందని కొన్ని జట్లు వెళ్లాయి. పక్కనే ఆర్చి వంతెన ఉన్న సంగతి రైలొచ్చాక గుర్తొచ్చింది. రైలు వస్తుంటే ఆగడమే, వేరే మందు లేదు. మనం కంటితో చూస్తున్నప్పుడు చెవి ఆ చప్పుడును వడకట్టేస్తుంది, మైకు వడకట్టదు. అందుకే షూటింగులో ఒకరు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినడం తప్ప ఇంకే పనీ చేయకూడదు.

ఇంట్లో తీసేటప్పుడు ఫ్యాను, ఫ్రిజ్, పక్కింటి కుక్కరు. ఫ్రిజ్ ఆపితే కారు తాళాలు దాని మీద పెట్టండి, ఇంటికి వెళ్లేటప్పుడు మళ్లీ వేయడం మర్చిపోరు. టైల్స్ గదిలో మాట మారుమోగుతుంది. కెమెరాకు కనపడని రెండు గోడలకూ రెండు దుప్పట్లు వేలాడదీసి, కింద ఒక పరుపు వేస్తే చాలావరకు తగ్గుతుంది. ప్రతి చోటా బయల్దేరే ముందు అందరూ నోరు మూసుకుని 30 సెకన్లు ఖాళీ గది శబ్దాన్ని రికార్డు చేయాలి. మాటల మధ్య అతుకులు కప్పేది అదే. ఆ 30 సెకన్లు తీసుకున్న జట్టు ఏదో వినగానే తెలిసిపోతుంది.

కాలరు మైకు లేకపోతే రెండో ఫోను చొక్కా జేబులో పెట్టి, ఏరోప్లేన్ మోడ్‌లో రికార్డు చేయండి. షాటు మొదట్లో కెమెరా ముందు ఒకసారి చప్పట్లు కొడితే బొమ్మనూ శబ్దాన్నీ కలపడానికి గుర్తు. అయినా కొన్ని సినిమాల్లో మొదట పెదవులు కలిసి, నిమిషం తర్వాత తప్పాయి. కారణం: వెలుతురు తగ్గినప్పుడు కొన్ని ఫోన్లు సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్యను తమంతట తామే తగ్గించుకుంటాయి. శబ్దం మాత్రం తన దారిన తాను సమానంగా నడుస్తుంది. ఎడిటింగు మొదలుపెట్టకముందే ఫైళ్లన్నీ హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేరులో వేసి స్థిరమైన ఫ్రేమ్‌రేటుకు మార్చుకుంటే ఆ తేడా రాదు. అంతా కత్తిరించాక మార్చుకుంటే పని రెండింతలు.

ప్రదర్శన నాడు జరిగిన పెద్ద పొరపాటు గురించి సభ్యులు చాలామంది అడిగారు. ఒక సినిమాలో సంగీతం వినిపిస్తోంది, పెదవులు కదులుతున్నాయి, మాట మాత్రం లేదు. సౌండ్ బాక్సులు పాడయ్యాయని కేకలు వేశారు. బాక్సుల తప్పు లేదు. ఆ జట్టు కాలరు మైకు మాటను ఎడమ చానెల్లోకి మాత్రమే రికార్డు చేసింది. ఇయర్‌ఫోన్లలో ఒక చెవిలోనే వినిపించినా, వినిపిస్తోంది కదా అని వదిలేశారు. సంగీతం రెండు చానెళ్లలోనూ ఉంది. మైదానంలో ల్యాప్‌టాప్ నుంచి వచ్చిన వైరుకు రెండు పిన్నులుంటే, మిక్సరులో ఒక గుంటలో యాంకరు మైకు పెట్టి ఉండటం వల్ల కుడి పిన్ను ఒక్కటే గుచ్చారు. ఎడమవైపు ఉన్న మాటంతా వైరులోనే ఉండిపోయింది. రెండు పక్షాలా సవరణ సులువు. జట్లు మాటల క్లిప్పుల్ని మోనో (ఒకే చానెల్) చేసి రెండు వైపులా సమంగా పంచాలి. మిక్సరు దగ్గర మేం రెండు పిన్నులూ గుచ్చి, మొదటి సినిమాకు ముందే ఎడమ, కుడి విడివిడిగా వినాలి. ఆ జట్టు సినిమాను కమిటీ న్యాయనిర్ణేతలకు మర్నాడు మళ్లీ చూపించింది.

మైదానం కోసం మిక్సింగు చేసేటప్పుడు మాట కింద సంగీతాన్ని 15 నుంచి 20 డెసిబెళ్లు తగ్గించండి. ఇయర్‌ఫోన్లలో అది మరీ తక్కువనిపిస్తుంది. బయట పెద్ద బాక్సుల్లో అదే సరిపోతుంది.

తెలుగు అక్షరాలు

టైటిళ్లలో ఒత్తులు విడిపోవడం ఈ ఏడూ తప్పలేదు. "దర్శకత్వం" అని కొడితే పొల్లులు పైన, హల్లులు కింద, ఎవరికి వాళ్లుగా నిలబడ్డాయి. ఎడిటింగు సాఫ్ట్‌వేరు అక్షరాల్ని కలిపే పద్ధతి తెలుగుకు సరిపడనప్పుడు ఇలా అవుతుంది, ఫాంటు మార్చినా పోదు. ప్రీమియర్ వాడేవాళ్లు ప్రిఫరెన్సుల్లో గ్రాఫిక్స్ విభాగంలో దక్షిణాసియా భాషల ఐచ్ఛికం ఎంచుకుంటే సర్దుకుంటుంది. ఏదీ కుదరకపోతే లిబ్రెఆఫీసులో యూనికోడ్‌లో టైపు చేసి, 1920 x 1080 కొలతలో పీఎన్‌జీ బొమ్మగా తీసి అతికించండి. బొమ్మలో ఒత్తు ఎటూ పోదు. అనూ ఫాంట్లలో డీటీపీ చేయించి తెచ్చుకునేవాళ్లు కూడా బొమ్మగానే తెచ్చుకోవాలి, ఆ అక్షరాలు యూనికోడ్ కావు. ఒక జట్టు టైటిళ్లన్నీ వాకిట్లో ముగ్గుపిండితో రాసి మేడమీది నుంచి తీసింది. కమిటీకి అది చాలా నచ్చింది, ఖర్చు కూడా లేదు.

నాలుగు దాటాక

ఆదివారం నాలుగింటి తర్వాత పోయిన సినిమాల తీరు ఇది. ల్యాప్‌టాప్ ఛార్జరు తీసి ఎక్స్‌పోర్టు పెట్టారు. బ్యాటరీ మీద యంత్రం వేగం తగ్గించుకుంటుంది, పావుగంట పని గంట దాటుతుంది. లేదా డిస్కులో చోటు లేక సగంలో ఆగింది. సెకనుకు 100 మెగాబిట్ల వీడియో నిమిషానికి 750 ఎంబీ తింటుంది, గంట తీస్తే 45 జీబీ. దానికి రెండు కాపీలు కావాలి, కాబట్టి శుక్రవారమే 150 జీబీ ఖాళీ చేసి ఉంచండి.

కొందరు వైఫై మీద పంపబోయారు. 5 నిమిషాల సినిమా 20 మెగాబిట్ల నాణ్యతలో 750 ఎంబీ. సెకనుకు 2 మెగాబిట్ల అప్‌లోడ్ మీద అది 50 నిమిషాలు. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నలిగిపోతుంది. పంపాల్సి వస్తే డాక్యుమెంటుగా పంపాలి. పెన్‌డ్రైవ్ తేవడమే మేలు.

పెన్‌డ్రైవ్ తెచ్చినవాళ్లలోనూ కొందరి ఫైలు తెరుచుకోలేదు. కాపీ పూర్తికాకుండానే పీకి పరుగెత్తుకొచ్చారు. ఎంపీ4 ఫైలులో విషయసూచిక చాలాసార్లు ఆఖరున ఉంటుంది. 99 శాతం వచ్చినా ఆ చివర లేకపోతే ఒక్క సెకను కూడా ఆడదు. అందుకే ఆదివారం మధ్యాహ్నం 12కి బొమ్మ ఖాయం కాగానే, శబ్దం అరకొరగా ఉన్నా సరే, ఒక కాపీ ఎక్స్‌పోర్టు చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. సాయంత్రం అంతా తలకిందులైతే అదే ఇచ్చేయొచ్చు. పెన్‌డ్రైవులు రెండు తెండి, వేరే ఇద్దరి జేబుల్లో.

కథలు, పాటలు

సినిమా పాటలు వాడొద్దని మళ్లీ చెప్పాల్సి వస్తోంది. రికార్డు మీద హక్కు విడుదలైన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు, రచన మీద రచయిత పోయిన తర్వాతి ఏడాది నుంచి 60 ఏళ్లు. గురజాడ 1915లో, మన ఊరి కందుకూరి 1919లో పోయారు. వాళ్ల కథలూ ప్రహసనాలూ ఎవరైనా తీసుకోవచ్చు. త్యాగరాజ కీర్తన మీ ఇంట్లో అమ్మాయి పాడితే వాడుకోండి, క్యాసెట్టులోది మాత్రం వద్దు. నటించినవాళ్లందరి దగ్గరా సంతకం తీసుకోవాలి, పిల్లలైతే తల్లిదండ్రులది. కాగితం నమూనా శుక్రవారం చీటీతో పాటే ఇస్తాం.

వచ్చే ఏటికి

సర్వసభ్య సమావేశం ముందు కమిటీ పెడుతున్న మార్పులు నాలుగు. గరిష్ఠ నిడివి 7 నుంచి 5 నిమిషాలకు తగ్గించడం. సినిమాను 1080 కొలతలో, హెచ్.264 రకం ఎంపీ4 ఫైలుగా, పెన్‌డ్రైవ్‌లోనే తీసుకోవడం. ఆలస్యమైన సినిమాను కూడా ప్రదర్శించడం, బహుమతికి మాత్రం లెక్కపెట్టకపోవడం. ఈ మూడోదాని మీద కమిటీలోనే ఏకాభిప్రాయం లేదు. 7:05కి వచ్చినదాన్ని, 9కి వచ్చినదాన్ని ఒకే గాటన కట్టడం అన్యాయమని కొందరి వాదన, గంటకు ఇన్ని మార్కులు కోయాలని వాళ్ల సూచన. సభ్యులు తేల్చాలి.

నాలుగోది ఖర్చుతో కూడింది. కొత్త కెమెరా కొనాలన్న పాత తీర్మానాన్ని పక్కనపెట్టి, ఆ సొమ్ముతో కాలరు మైకులు, ఒక చిన్న రికార్డరు కొని జట్లకు వంతులవారీగా ఇవ్వాలని కోరుతున్నాం. ఫోను అందరి దగ్గరా ఉంది, మంచి మైకు ఎవరి దగ్గరా లేదు. శుక్రవారం చీటీలకు ముందు గంట వాటిని వాడటం నేర్పిస్తాం. జట్టుకు ఒకరు తప్పకుండా రావాలి, ఇయర్‌ఫోన్లు ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి.